తొమ్మిది మందిలో ఫస్టు

నార్డ్‌బి, నార్త్ డకోటా
జనవరి, రెండో ఆదివారం

ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఐనెజ్ అక్కకి,

ఇక్కడ చలి ఎలా ఉందో రాయను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇదే చలిలో బడికి నడిచి వెళ్ళి లెక్కలు చెప్పినదానివి, నీకు ఒకరు చెప్పాలా. కుళాయిలు గడ్డకట్టలేదు, మా అబ్బాయి డారిన్ ట్రాక్టరు స్టార్టవుతోంది, నేను లేచి తిరుగుతున్నాను. జనవరిలో ఈ ఊళ్ళో ఇంతకంటే ఎవరూ ఆశించరు.

నీకు చెవులు పోయి ఆరిజోనా చేరాక మన మాటలన్నీ కాగితం మీదికొచ్చాయి. ఒకందుకు మంచిదే అయింది. ఈ సంగతి ఫోన్‌లో చెప్పమంటే నా వల్ల అయ్యేది కాదు.

క్రిస్మస్ కార్డులో నీకు అబద్ధం రాశాను. కెండ్రాకి నీరసం చేసిందని, డాక్టర్ కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమన్నాడని రాశాను కదా. ఊరందరికీ అదే చెప్పి, అదే నోటితో నీకూ చెప్పాను. నా మనవరాలికి ఏ జబ్బూ లేదు. ఫార్గోలో చదువు వదిలేసి వచ్చేసింది. ఇక వెళ్ళనంటోంది.

పోయిన మే నెల గుర్తుందా. కెండ్రా క్లాసులో ఫస్టు వచ్చింది. తొమ్మిది మందిలో ఫస్టు. నువ్వు నవ్వుకుంటావని తెలుసు, అయినా నాకు ఫస్టు ఫస్టే. బడి ముగించిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ చర్చి ఆడవాళ్ళం ఒక్కో బొంత కుట్టి ఇస్తాం కదా, కెండ్రా బొంత నేనే కుట్టాను. వాళ్ళ తాతయ్య చొక్కాలు కత్తిరించి వేశాను. ఆ ఆదివారం చర్చిలో బెంచీల వీపుల మీద తొమ్మిది బొంతలు పరిచి ఉంటే, దాని పేరున్న మూల పైకి కనిపించేలా నేనే మడత సర్దాను. బడి బోర్డు అధ్యక్షురాలికి ఆమాత్రం చిన్నబుద్ధి ఉండకూడదా.

పోయిన మంగళవారం పొద్దున్న కూర్చుని ఈ ఏటి బొంతలకి ముళ్ళు వేస్తున్నాం, నేనూ అదీ. ఊలు దారం కిందినుంచి పైకి లాగి ముడి వేస్తూ, తలెత్తకుండా అంది.

"నాయనమ్మా, నాకు లెక్కలు రావు."

"మీ నాన్నకొచ్చా ఏంటి" అన్నాను.

"అలా కాదు. అసలు రావు. అక్కడ చేరిన మొదటివారంలోనే పరీక్ష పెట్టారు. ఎనిమిదో క్లాసు పాఠాలు మళ్ళీ చెప్పేచోట కూర్చోబెట్టారు. అక్కడా తప్పాను. మందు మోతాదు లెక్క కట్టలేనిదానికి నర్సు చదువెందుకని వాళ్ళు అనలేదు. నాకే అనిపించింది."

అన్నీ 'ఎ' గ్రేడులే వచ్చాయి కదే అన్నాను. అప్పుడు చెప్పింది, కంప్యూటర్ తెర మీద పాఠం ఎలా నడిచేదో.

నువ్వు మానేశాక నీ చోటుకి ఎవరూ దొరకలేదని నీకు రాశాను. ఒకాయన వచ్చి, దగ్గర్లో కిరాణా కొట్టు ఎక్కడని అడిగి, సమాధానం విని అటునుంచి అటే వెళ్ళాడు. ఇంకొకావిడ జీతం ఎక్కువని పక్కూరు గార్నెట్ బడిలో చేరింది. అందుకని బోర్డు కంప్యూటర్ పాఠాలు కొంది. గదిలో అల్లరి కాకుండా మన బాస్కెట్‌బాల్ కోచ్ ఆర్లన్ హెగ్గేని కూర్చోబెట్టాం. ఆ తీర్మానం మీద అధ్యక్షురాలిగా సంతకం నాదే. పిల్లలు బాగానే చేస్తున్నారని ప్రతి నెలా సూపరింటెండెంట్ క్రాఫ్ట్ గారు చదివేవారు, మేం తలలూపేవాళ్ళం. బాగా చేయడమంటే ఏమిటో కెండ్రా చెబితే తెలిసింది. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయట. తప్పుది నొక్కితే ఇంకోటి నొక్కమంటుందట. సరైనది తగిలేదాకా నొక్కనిచ్చి, ఆకుపచ్చ గుర్తు వేసి మార్కులు ఇచ్చేస్తుందట. "నాలుగోసారి ఎవరికైనా తగుల్తుంది కదా నాయనమ్మా" అంది. మిగతా అరకొరకి ఆర్లన్ ఉన్నాడు. కెండ్రా ఆటల్లో స్కోరు రాసేది, అతని తల్లి మంచాన పడితే ఆవిడకి సరుకులు తెచ్చిపెట్టేది. అలాంటి పిల్లకి 'ఎ' గ్రేడు కాక ఇంకేం ఇస్తాడు.

ఎవరూ మోసం చేయలేదక్కా. అందరూ మంచివాళ్ళే. నాకు ఏడవడానికి కూడా ఎవరి మీద ఏడవాలో తెలియడం లేదు.

నీ చెల్లెలు,
మార్లిస్

*

నార్డ్‌బి
ఫిబ్రవరి, మంచు కురుస్తున్న సోమవారం

అక్కా,

నీ ఉత్తరం చేరింది. "ఆ పిల్లని తిట్టకు, పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టు" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నావు. నీ ధోరణే అంత. ఇంకో నాలుగు మాటలు ఓదార్పుగా రాస్తే సిరా అయిపోతుందా.

ఇక్కడ ఊరు ఉడుకుతోంది. వచ్చే ఏడాది నుంచి పెద్ద పిల్లల బడి మూసేసి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా అందరినీ గార్నెట్ బడిలో కలిపేయాలని క్రాఫ్ట్ గారు బోర్డు ముందు పెట్టారు. చిన్నపిల్లలు ఇక్కడే ఉంటారు. మార్చిలో ఓటు. ఆయన్నీ అనడానికి లేదు. డ్రైవర్ దొరక్క పొద్దున్నే బస్సు తనే తోలి, ఆ కోటుతోనే వచ్చి జమాఖర్చులు చూపిస్తారు. ప్రభుత్వం తలకింతని డబ్బిస్తుంది, తలలేమో ఏటా తగ్గుతున్నాయి. బాయిలర్ మాత్రం పిల్లలు తగ్గారని తక్కువ తాగదు. రాబడికి మించిన ఖర్చంతా ఇన్నేళ్ళూ నిలవ డబ్బులోంచే లాగుతున్నాం. విత్తనానికని దాచిన గోధుమలు దంచుకు తినడం అది. రైతు కుటుంబాల్లో పుట్టి కూడా బోర్డులో అయిదుగురం చూస్తూ కూర్చున్నాం. అది చాలదన్నట్టు వ్యాయామశాలకి మేపుల్ చెక్క నేల వేయించి, ఆ అప్పు ఇంకా తీరుస్తున్నాం. ఆ నేల చూడాలక్కా, మొహం చూసుకోవచ్చు. పక్కగదిలో లెక్కల మాస్టారు లేడు. పైన పటారం, లోన లొటారం అని మనకోసమే అన్నారేమో.

ఇద్దరు కలుపుదామంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు. మిగిలింది నేను.

వద్దనే ఇద్దరిలో పెద్ద గొంతు గేలెన్ రస్టాడ్, ట్రాక్టర్ల కొట్టతను. మనవాడే, మంచివాడే, నా మొగుడు పోయినప్పుడు కోతలకి మనుషుల్ని పంపినవాడు. మొన్న కాఫీ దుకాణంలో నా బల్ల దగ్గరికే వచ్చి, అందరికీ వినపడేలా మొదలెట్టాడు.

"మార్లిసక్కా, గార్నెట్ వాళ్ళ గుమ్మంలో మన పిల్లల్ని నిలబెడతావా? వాళ్ళ బడి ఎర్రకోట్లు తొడిగిస్తావా? మన బడికేం తక్కువైంది? మన కెండ్రాని చూడండయ్యా. ఈ బడిలోంచి కాదూ నర్సింగుకి పోయింది. ఒంట్లో బాగుంటే ఈపాటికి అక్కడ కూడా ఫస్టే ఉండేది."

చుట్టూ కూర్చున్నవాళ్ళు అవునవునన్నారు. నేను కాఫీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచాను. నా మనవరాలి పేరు చెప్పి ఊరంతా బడిని నిలబెడుతోంది, ఆ మనవరాలేమో మా ఇంట్లో కర్టెన్లు వేసుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి దానితో చెప్పాను. నిజం చెబితే తప్ప నా ఓటుకి అర్థం ఉండదన్నాను. అది అరవలేదు. చాలా నెమ్మదిగా, "నా పేరెత్తావంటే ఈ ఊళ్ళో ఉండను. ఉన్నచోటికి ఉత్తరం కూడా రాయను" అంది. ఆ నెమ్మది చూసి నాకు భయం వేసింది. వాళ్ళ తాతయ్యకీ కోపం వస్తే అలాగే గొంతు తగ్గేది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను చించుకోను. కానీ అక్కా, ఇంకెవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. నేను కలపడానికే ఓటు వేస్తాను. కారణం అడిగితే డబ్బు లేదంటాను. ఇప్పుడు తొమ్మిదో క్లాసులో ఉన్న పిల్లలు ఆ తెర ముందు కూర్చుని ఆకుపచ్చ గుర్తులు నొక్కుతున్నారు. వాళ్ళకీ మే నెలల్లో బొంతలు పరుస్తాం, చప్పట్లు కొడతాం. మళ్ళీ ఒక పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని ముళ్ళు వేస్తూ నాకు రాదు అంటే వినలేను. ఊరు నన్ను ఉమ్మితే ఉమ్మనీ.

నాన్న ఉంటే ఏమనేవాడో అని మాత్రం రోజూ అనిపిస్తోంది. ఈ బడికి మొదటి ఇటుకలు మోసినవాళ్ళలో ఆయనొకడు.

నీ
మార్లిస్

*

నార్డ్‌బి
మార్చి, ఓటైన మూడోనాడు

అక్కా,

అయిపోయింది. మూడుకి రెండు. మూడో చెయ్యి నాది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. గదిలో పట్టరని మీటింగు వ్యాయామశాలలో పెట్టాం. ఊరు ఊరంతా వచ్చింది. ఆ నేల మీద మంచు బూట్లు పెట్టకూడదు కదా, అందరూ గుమ్మం దగ్గర బూట్లు విప్పి మేజోళ్ళతో వచ్చి కూర్చున్నారు. బయట బూట్ల గుట్ట, లోపల అంత కోపంగా ఉన్న ఊరు, మేజోళ్ళ కాళ్ళతో. నవ్వొచ్చేది, ఇంకో రోజైతే. గేలెన్ లేచి, మన తాతలు, మన జెండా, మన ఆకుపచ్చ కోట్లు అంటూ బల్ల గుద్ది మాట్లాడుతుంటే, ఎడమ మేజోడు చిరుగులోంచి బొటనవేలు బయటికొచ్చి మాటమాటకీ ఆడుతోంది. నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను. మొహం చూసే ధైర్యం లేక.

మాట్లాడాలనుకున్నవాళ్ళకి మనిషికి మూడు నిమిషాలు. గేలెన్ భార్య వంటింటి టైమర్ తెచ్చింది, కోడిపెట్ట ఆకారంలో ఉండేది. చాలామంది లేచారు. సగంమంది కెండ్రా పేరు చెప్పారు. ఒకావిడైతే, అధ్యక్షురాలు సొంత మనవరాలికి పెట్టిన చదువు మిగతా పిల్లలకి లేకుండా చేస్తుందా అని నన్నే అడిగింది. నేను గ్లాసులో నీళ్ళు తాగాను.

అప్పుడు వెనకనుంచి కెండ్రా వచ్చింది. ఎప్పుడొచ్చి నిలబడిందో చూడలేదు. వాళ్ళ నాన్న పొలం కోటు వేసుకుంది. మైకు ముందు నిలబడి, టైమర్ తిప్పమని గేలెన్ భార్యకి సైగ చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. బడిని కాపాడటానికి వచ్చిందనుకున్నారు.

"నాకు ఒంట్లో బాగానే ఉంది" అంది. "నాయనమ్మ నా కోసం అబద్ధం చెప్పింది. నాకు లెక్కలు రావని తేలి, సిగ్గుపడి వచ్చేశాను. అక్కడ ఒకాయన, పాపం మంచాయన, ఏ బడిలో చదివావమ్మా అని అడిగాడు. మన ఊరి పేరు చెప్పలేక ఫార్గోలోనే చదివానన్నాను."

ఆర్లన్ ముందు వరసలో ఉన్నాడు. తల దించుకున్నాడు.

"కోచ్‌ని ఏం అనకండి. ఆయనకి రాదు, రాదని మీకు ముందే చెప్పాడు. నాకు మార్కులిచ్చారు, బొంత ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. కూర్చోబెట్టి, ఇది నీకు రాలేదమ్మా అని ఒక్కరూ చెప్పలేదు. చెప్తే ఏడ్చేదాన్ని. ఏడ్చి నేర్చుకునేదాన్ని."

గేలెన్ లేచాడు. అతని గొంతు నేనెప్పుడూ అంత చిన్నగా వినలేదు. "తల్లీ, నిన్ను బాధపెట్టాలని ఇక్కడెవరూ..."

"తెలుసు మావయ్యా. అందుకే మిమ్మల్ని తిట్టడానిక్కూడా నోరు రావట్లేదు."

అంతే, దిగిపోయింది. ఆ టైమర్‌లో ఇంకా చాలా సమయం మిగిలి ఉంది. ఎవరూ దాన్ని ఆపలేదు. ఆ కోడిపెట్ట టిక్కుటిక్కుమంటుంటే ఊరంతా కాళ్ళవైపు చూసుకుంటూ కూర్చుంది. అది గణగణమన్నాక నేను ఓటుకి పిలిచాను.

దాని మాటలకి ఎవరి చెయ్యీ మారలేదక్కా. వద్దన్న ఇద్దరూ వద్దనే అన్నారు. మారిందల్లా నా తర్వాతి రోజులే. ఆదివారం చర్చిలో నా బెంచీలో నేనొక్కదాన్నే కూర్చున్నాను. బొంతల ఆడవాళ్ళు ఈ వారం మా ఇంట్లో కలవాలి. కాఫీ పెట్టి, బార్లనే తీపి బిళ్ళలు కాల్చి, కోసి పళ్ళెంలో సర్ది కూర్చున్నాను. ఎవరూ రాలేదు. వేరే ఇంట్లో కలిశారట, నాకు చెప్పడం మరిచిపోయారట. మన వాళ్ళు పోట్లాడరు కదా, మరిచిపోతారు.

ఒక్క ఆర్లన్ వచ్చాడు. గడ్డకట్టిన చెరువుకి కన్నం పెట్టి పట్టిన చేపలు శుభ్రం చేసి, సంచిలో వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నేను వద్దన్నానండీ. ఆ గదిలో నన్ను పెట్టొద్దన్నాను. గుర్తుందా?" అన్నాడు. గుర్తుందన్నాను. చేపలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వచ్చే ఏడాదికి అతనికి ఇక్కడ కోచ్ పని కూడా ఉండదు. కోచ్ ఏమిటి, జట్టే ఉండదు.

తప్పు చేశానని మాత్రం అనిపించడం లేదు. ఒంటరిగా ఉంది, అంతే. కెండ్రా ఇప్పుడు కర్టెన్లు తీస్తోంది.

నీ
మార్లిస్

*

నార్డ్‌బి
మే, బొంతల ఆదివారం మర్నాడు

అక్కా,

ఇన్నాళ్ళు రాయనందుకు కోప్పడకు. రాయడానికి చెయ్యి రాలేదు. గార్నెట్ వాళ్ళు మనల్ని వద్దన్నారు.

మళ్ళీ చదవక్కర్లేదు, నువ్వు చదివింది సరిగ్గానే చదివావు. కలవడానికి రెండు బోర్డులూ ఓటు వేయాలి. మనం వేశాం. మనూళ్ళో స్నేహాలు చెడి, చర్చిలో బెంచీలు మారి, గేలెన్ నాతో మాట మానేసి, ఇంత యాతన పడి సరేనన్నాం. ఏప్రిల్లో వాళ్ళు కూర్చుని, కాఫీ చల్లారేలోపు వద్దని తేల్చేశారు. అయిదుగురికి అయిదుగురూ.

పెళ్ళికొడుకుని అడక్కుండా పెళ్ళి వద్దా కావాలా అని ఇంట్లో తలలు పగలగొట్టుకున్నట్టయింది మన పని. వద్దన్న గేలెన్‌కీ, సరేనన్న నాకూ, లెక్కలు కట్టిన క్రాఫ్ట్ గారికి కూడా ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు, ముందు వాళ్ళని ఒక మాట అడగాలని. ఎందుకు తట్టలేదో నీకు తెలుస్తుంది. మన చిన్నప్పుడు గార్నెట్ వాళ్ళు కొత్త బడి కట్టుకుని, పిల్లలు చాలక, మనల్ని కలుపుకుంటామని వచ్చారు. నాన్న వాళ్ళని లోపలికి కూడా పిలవకుండా వాకిట్లోంచే పంపేశాడు. ఆ కథ ప్రతి థాంక్స్‌గివింగ్ పండగకీ చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ పిలుపు ఇప్పటికీ మన కోసం అలాగే ఉందనుకున్నాం. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఆ కథ చెప్పుకుంటారని, అయితే నవ్వుతూ చెప్పుకోరని ఎవరికి తోచింది.

వాళ్ళు మర్యాదగానే రాశారు. మన వ్యాయామశాల అప్పు వాళ్ళ పన్నుదారుల మీద పడుతుందట. మన పిల్లల పరీక్షల ఫలితాలు కలిస్తే వాళ్ళ బడి పేరు కిందికి దిగుతుందట. చివర్లో ఒక వాక్యం ఉంది, ఏ విద్యార్థి అయినా విడిగా దరఖాస్తు పెట్టుకుంటే సంతోషంగా చూస్తారట. అంటే ఊరు అక్కర్లేదు, పిల్లల్ని ఏరుకుంటారు.

మొదటి దరఖాస్తు ఎవరిదో చెప్పనా. గేలెన్ మనవలది. ఇద్దరిదీ. పోయిన బుధవారం అతనే మా ఇంటికి వచ్చాడు, మార్చి ఓటు తర్వాత మొదటిసారి. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నువ్వు తిట్టుకుంటావని తెలుసు మార్లిసక్కా."

"ఎందుకు తిట్టాలి."

"ఆ రోజు కెండ్రా మాట్లాడాక ఇంటికెళ్ళి పెద్దోణ్ణి కూర్చోబెట్టి, ఎకరానికి ఎన్ని గింజలు పడతాయో లెక్క కట్టమన్నాను. వాడికి రాలేదు. మా నాన్న నాకు పదేళ్ళకే నేర్పిన లెక్క అది." టోపీ బల్ల మీద పెట్టి అన్నాడు. "ఓటు వేసేటప్పుడే కెండ్రా చెప్పింది నిజమని తెలుసు. చెయ్యి లేవలేదంతే."

అతనికి కాఫీ పోశాను. ఇంకేం చేయను. కుర్చీలో కూర్చుని ఏడ్చాడక్కా, ట్రాక్టర్లమ్మే అంత మనిషి.

గార్నెట్ బస్సు మన గడ్డ మీదికి రాకూడదట, సరిహద్దు దాకా వచ్చి ఆగుతుంది. అక్కడిదాకా పిల్లల్ని కారులో దింపగలిగిన ఇళ్ళ పిల్లలు వచ్చే ఏడాది వెళ్ళిపోతారు. దింపలేని ఇళ్ళ పిల్లలు మిగులుతారు. రాత్రి డ్యూటీ చేసే తల్లులవాళ్ళు, కారు చెడిపోయి బాగుచేయించుకోలేనివాళ్ళు, అసలు అడిగేవాళ్ళే లేనివాళ్ళు. ఆ పిల్లలతో, ఆ నేలతో, ఆ తెరతో మన బడి నడవాలి. ఎంతకాలమో క్రాఫ్ట్ గారు నోరు తెరిచి చెప్పరు, నేనూ అడగను. గార్నెట్ వాళ్ళు వద్దన్నాక ఊళ్ళో నాకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. బొంతల దగ్గర మళ్ళీ నాకో కుర్చీ వేశారు, అంతే. మన వాళ్ళ సంగతి నీకు తెలుసుగా. నేనూ వెళ్ళి కూర్చున్నాను.

నిన్న ఆరు బొంతలు పరిచాం. పాటలు పాడాం. చప్పట్లు కొట్టడం దగ్గర మాత్రం అందరి చేతులూ కొంచెం వెనకాడాయి. పిల్లలు చూశారు. ఆ ఆరుగురు ఏం పాపం చేశారని.

ఇక కెండ్రా సంగతి. ఆర్లన్ ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు కదా. దాని పాటికి అదే వెళ్ళి అడిగిందట, మధ్యాహ్నాలు వచ్చి కూర్చోనా అని. ఇప్పుడు వెళ్ళి ఆ పిల్లల మధ్య బెంచీలో కూర్చుంటోంది. నేర్పడానికి కాదు. నీ బీరువాలో మిగిలిన పాత పుస్తకాలు తీయించి, మొదటి పేజీ నుంచి చేస్తోంది. తొమ్మిదో క్లాసు పిల్లలు మొదట నవ్వారట. "ఫస్టు వచ్చినదానివి నీకే రాకపోతే మాకేం వస్తుంది" అన్నాడట ఒకడు. "అందుకే నీ పక్కన కూర్చున్నా, జరుగు" అందట ఇది. ఇప్పుడు తెర కట్టేసి ఇంకో ముగ్గురు దానితోపాటు కాగితం మీద చేస్తున్నారు. చేస్తున్నారు గానీ, చేసింది తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేరు. ఆర్లన్‌కి రాదు, నాకు రాదు. పుస్తకం వెనక జవాబులున్నాయట కానీ దారి ఎక్కడ తప్పారో అవి చెప్పవు కదా.

అందుకని దీనితోపాటు కెండ్రా చేసిన లెక్కలు పెడుతున్నాను. నిన్ను అడగడానికి దానికి సిగ్గు. నీకు చెవులే పోయాయి గానీ కళ్ళు ఉన్నాయిగా అని నేనే కవరులో పెట్టాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఎవరో తెలియని పిల్ల రాసినట్టు దిద్దు. మన కెండ్రా కదా అని చూడకు. ఈ ఊళ్ళో మేమందరం అలా చూసే దాన్ని ముంచాం. తప్పుంటే తప్పని రాయి అక్కా.

నీ చెల్లెలు,
మార్లిస్

*

మేసా, ఆరిజోనా
మే చివరివారం

కెండ్రా,

ఎనిమిది లెక్కలు పంపావు. అయిదు తప్పు.

ఆరోది జవాబు సరిపోయింది కానీ చేసిన దారి తప్పు. అదృష్టం కొద్దీ తగిలింది. అదృష్టానికి నేను మార్కులు వేయను, కాబట్టి ఆరు తప్పనుకో. నీకు కుడివైపునున్నది ఎడమవైపుకి తెచ్చేటప్పుడు గుర్తు మార్చాలని తెలుసు, ఎందుకు మార్చాలో తెలియదు. అందుకే ఒకచోట మారుస్తావు, ఇంకోచోట మరిచిపోతావు. తక్కెడ బొమ్మ గీసి పంపుతున్నాను. దాన్ని అర్థమయ్యేదాకా చూడు, బట్టీ పట్టకు. రెండోది, ఏడోది బాగా చేశావు.

సెప్టెంబరుకి వచ్చి పాఠాలు చెప్పమని మీ నాయనమ్మ అడగలేదు, అడగాలనుకుని ఆగిపోయిందని అక్షరాల్లోనే తెలుస్తోంది. రాలేను. పిల్ల అడిగిన ప్రశ్న వినపడని టీచరు తెరకంటే మెరుగేం కాదు. అది తెలిసే మానేశాను. కాగితం మీద ప్రశ్నలు మాత్రం నాకు ఇప్పటికీ వినపడతాయి. ఆ ముగ్గురు పిల్లలవి కూడా పంపించు. వాళ్ళ పేర్లు రాయకు, అంకెలు వేస్తే చాలు. ఎవరింటి పిల్లలో నాకు తెలియకపోతేనే మంచిది. స్టాంపుల ఖర్చు బోర్డు పెట్టుకుంటుందేమో అధ్యక్షురాలిని అడుగు.

కాగితం నిండా ఎర్ర సిరా చూసి మీ నాయనమ్మ బెంగపడుతుంది. పరాయిపిల్లలా దిద్దమని రాసింది. అలా దిద్దలేదని చెప్పు. పరాయి పిల్లవైతే ఇంత సిరా ఖర్చు పెట్టేదాన్ని కాను.

అయిదూ కాదు, ఆరు. మళ్ళీ చేసి పంపు.

నీ
ఐనెజ్ నాయనమ్మ